ముగింపు తెలిసిన ముచ్చట

అమెరికా ఈశాన్యాన, న్యూ ఇంగ్లాండ్‌లో చిన్న ఊరు. పట్నంలో ఉద్యోగం పోయిన అమ్మాయి నాన్నమ్మ నడిపిన పాత పుస్తకాల కొట్టు తెరవడానికి సెప్టెంబరులో వస్తుంది. ఎదురింట్లో ముక్కోపి వడ్రంగి. ఇంతవరకు చదివితే చాలు, చివరి పేజీ ఎవరైనా చెప్పేస్తారు. అయినా ఇలాంటి ప్రేమ నవలను మొహమాటపడకుండా, హాయిగా చదువుకోవచ్చు.

ఎందుకంటే ఆ ముగింపు రచయిత ముందే ఇచ్చిన మాట. అమెరికా రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనంలో ఉన్నవి రెండే షరతులు: కథకు కేంద్రం ప్రేమ కావాలి, ముగింపు తృప్తిగా, ఆశ కలిగించేలా ఉండాలి. పెళ్లిభోజనంలో పులిహోర ఉంటుందని అందరికీ తెలుసు. చింతపండు గుజ్జు నూనె తేలేదాకా ఉడికిందా, పచ్చివాసన కొడుతోందా అన్నదే మనం చూసేది.

నవలలో అలా ఉడకాల్సింది కాలం. 300 పేజీలనుకుంటే 30వ పేజీలోపు ఇద్దరూ ఎదురుపడతారు, సగం దగ్గర ముద్దు, 230 ప్రాంతంలో తగువు. ఈ లెక్కకు అక్కడి ఆకురాలు కాలం చక్కగా అమరుతుంది. న్యూ ఇంగ్లాండ్‌లోని వెర్మాంట్ కొండల్లో మేపుల్ చెట్ల ఆకులు అక్టోబరు మొదటి రెండు వారాల్లో ఎర్రగా పండుతాయి. 31న గుమ్మడికాయలు చెక్కి దీపాలు పెట్టే హాలోవీన్ పండగ. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పగానే సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగూకుతుంది. నాలుగో గురువారం ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండగ. చలి ముదిరేకొద్దీ మనుషులు ఒకే గదిలోకి, ఒకే పొయ్యి దగ్గరికి చేరతారు. తగువు పడిన వారానికే పండగ భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా కనిపిస్తే, రచయిత బాధ గురించి వేరే రాయక్కర్లేదు.

అక్కడి ఈ ఆకురాలు కాలాన్ని శరత్తు అని తెలుగు చేస్తే కుదరదు. నన్నయ శారదరాత్రుల పద్యం చదివినవాళ్లకు శరత్తంటే వానలు వెలిసి, నక్షత్రాలు తేటపడి, వెన్నెల కాసే కాలం. మనకు ఆకులు రాలేది శిశిరంలో. న్యూజెర్సీ తెలుగువాళ్లకు మాత్రం బతుకమ్మ, దసరా ఈ గుమ్మడికాయల రోజుల్లోనే వస్తాయి.

ఇక హాస్యం. ఆమె కొట్టు బోర్డు వంకరగా బిగించింది. అతను దాటిపోతూ, "కుడివైపు అరంగుళం దించండి" అన్నాడు. మర్నాడు ఆమె కావాలనే ఇంకో అంగుళం ఎత్తింది. నాలుగో రోజు పొద్దున చూస్తే బోర్డు తిన్నగా ఉంది, మెట్టు మీద కాస్త రంపపు పొట్టు. ఎవరూ ఎవరినీ పొగడలేదు, నవ్వించాలనీ చూడలేదు. బోర్డు లేకుండా ఆ ఇద్దరూ ఆరు పేజీలు మాటకు మాట విసురుకుంటూ కూర్చుంటే మూడో పేజీకే విసుగు పుడుతుంది.

ఎక్కువ నవలలు చెడేది ఆ 230వ పేజీ దగ్గరే. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోయే అపార్థం పెట్టి ఇద్దరినీ విడదీస్తారు. 1970ల వారపత్రికల సీరియళ్లలో అందని ఉత్తరాన్ని నమ్మేవాళ్లం, ఉత్తరాలు నిజంగానే పోయేవి కాబట్టి. చేతిలో ఫోనున్న ఈ రోజుల్లో తగువు మనుషుల స్వభావంలోంచి రావాలి. ఆమెకు పట్నంలో పాత ఉద్యోగం మళ్లీ దొరికింది. ఉండిపొమ్మని అడగడం స్వార్థమనుకుని అతను నోరు మెదపలేదు. ఇద్దరిదీ తప్పు కాదు. అందుకే గుండె పట్టేస్తుంది.

రెండో చేటు అలంకారం. పేజీకోసారి దాల్చినచెక్క వాసన, ఉన్ని శాలువా, వేడి కప్పు. హాయినిచ్చేది పని. పుస్తకాల అట్టలకు పట్టిన బూజు తుడవడం, చలి ముదరకముందే కిటికీ సందులు మూయడం, కట్టెలు పేర్చడం. కొట్లో నవల ఎంచుకునేటప్పుడు 30వ పేజీ తెరిచి, ఆ వడ్రంగి ఏ చెక్కతో ఏం చేస్తున్నాడో రాశారా చూడండి. చేతికి పని చెప్పని రచయిత అతని చేత ప్రేమ మాటలు మాత్రం నమ్మేలా ఎలా పలికిస్తారు?