గాలి పంపు రెండో విడతలో

ఒడిశాలోని మా పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండల్లో సవర తెగ పాస్టర్లకు ఆటలు రావని నాకు ఈమధ్యే తెలిసింది. వాళ్లకూ అప్పుడే తెలిసింది, పాపం. 'ఆటల ద్వారా పరిచర్య' అని బేనరు కట్టి మూడు రోజుల శిక్షణ పెడితే నలభై మంది కొండ దిగి వచ్చారు. రెండు గంటలు నడిచి, ఆపైన జీపు పట్టుకొని వచ్చిన వాళ్లకు మొదటి క్లాసు: 'కాళ్లను వార్మప్ చేయడం ఎలా?'

మాట అందించే పని నాది. శిక్షకుడి తెలుగును నేను ఒడియాలో చెబితే, ఒక ఉపదేశి దాన్ని సవరలో చెప్పేవాడు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో పంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకు పుస్తకమే ఇచ్చారు. మా శిక్షకుడికి అంత టైం లేదు. ఆయన వేసిన జోకు మూడు భాషలు దాటి వెనక బెంచీకి చేరేసరికి టీ వచ్చేసేది. జనం టీని చూసి నవ్వేవారు, ఆయన తన జోకుకే అనుకునేవాడు.

ఆలోచనను తప్పు పట్టను. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంఘం వాళ్ల దగ్గరే పుట్టాయి. పరుగు పందెం సంగతి బైబిల్లో పౌలు కొరింథీయులకు ఎప్పుడో రాశాడు. చర్చికీ ఆటస్థలానికీ వియ్యం పాతదే. పెళ్లికొడుక్కే పెళ్లంటే ఏమిటో చెప్పబోవడం దగ్గరే నాకు కొంచెం నవ్వొచ్చింది. ఇదే రాష్ట్రంలో సుందర్‌గఢ్ ఆదివాసీ పల్లెల్లో హాకీ గెలిస్తే మేకపోతు ఇస్తారు. భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన దిలీప్ తిర్కీ ఆ జిల్లావాడే. అక్కడ మేక ముందు, పవర్‌పాయింట్ తర్వాత.

రెండో రోజు స్కాట్లాండ్ క్రైస్తవ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ కథ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆయన పరుగెత్తనన్నాడు. తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం కొట్టాడు. చెబుతూ శిక్షకుడు కళ్లు తుడుచుకున్నాడు. వెంటనే ఫుట్‌బాల్ ఫైనల్ మ్యాచ్ ఆదివారం పొద్దున పదింటికి అని ప్రకటించాడు.

"మరి ఆరాధన, సార్?" అన్నాడొక పెద్దాయన.

"ఆదివారమైతే జనం ఎక్కువ వస్తారు కదండీ!"

అదే పెద్దాయన ఇంకో చిక్కు తెచ్చాడు. ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం ఉంది: బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చకూడదు. మరి ఊరి పిల్లలకు బంతి ఇస్తే ప్రలోభమా? హాలంతా టెన్షన్. శిక్షకుడు కాసేపు పైకప్పు వంక చూసి, "ముందు లంచ్ చేద్దాం" అన్నాడు. నా మటుకు నాకు గాలి లేని బంతిని ప్రలోభమని ఎవరూ అనలేరనిపించింది. పైకి అనలేదు. అనకపోయినా చివరికి అదే పాటించారు.

ఫైనల్లో శిక్షకుల జట్టు బూట్లతో, పాస్టర్ల జట్టు వట్టి కాళ్లతో దిగాయి. ఏడు గోల్స్. ఎవరెవరికి వేశారో చెప్పనక్కర్లేదు. 'శిక్షణ ఫలితం అద్భుతం' అని రిపోర్టులో రాసుకున్నారు, అబద్ధమేం కాదు. ఆపైన అందరికీ ఫారాలు పంచారు. 'శిక్షణకు ముందు ఆట వచ్చా?' అన్న గడిలో 'రాదు' అని రాస్తేనే సర్టిఫికెట్. పెద్దాయన పెన్ను పట్టుకొని చాలాసేపు ప్రార్థన చేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "బాబూ, 'రాదు'కి ఒడియాలో ఏం రాయాలి?" అన్నాడు. ఆయన ఒడియా బడిలోనే చదువుకున్నాడు.

సంఘానికో బంతి ఇచ్చి పంపారు, గాలి తీసి, మడతపెట్టి. పంపు రెండో విడత శిక్షణలో ఇస్తారట.