వండినవాళ్లకు విస్తరి వేయని విందు

1946 ఫిబ్రవరి 15న ఫిలడెల్ఫియాలో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఆవిష్కరణ విందుకు, దానికి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు ఆడవాళ్లను పిలవలేదని కొందరు ఇప్పటికీ సణుగుతుంటారు. పాపం నిర్వాహకుల తరఫున మాట్లాడేవారే లేరు. ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

అసలు ఆ యంత్రం మామూలుదా? 30 టన్నులు. 18 వేలకు చేరువలో వాల్వులు, అంటే బల్బుల్లా వెలిగే గాజు గొట్టాలు. ఒక్క అంకెను గుర్తుంచుకోవడానికే 36 వాల్వులు. ఆర్పి వెలిగించినప్పుడల్లా ఫిలమెంట్లు పుటుక్కుమంటాయని, యంత్రాన్ని రూపొందించిన ఇద్దరిలో ఒకరైన ఎకర్ట్ వాటికి వోల్టేజీ కాస్త తగ్గించి ఇచ్చి, యంత్రాన్ని వీలైనంతవరకు ఆర్పనిచ్చేవారు కాదు. వైర్ల తొడుగు ఎంచడానికి ఎలుకల్ని పస్తులుంచి, ఏ రకాన్ని కొరకవో చూశారు. ఎలుకల పస్తుకు అంత ప్రయోజనం ఉన్నప్పుడు ఆడవాళ్ల పస్తుకూ ఏదో ఉండే ఉంటుంది.

అంతకుముందు వాళ్లు చేసిన, లెక్కలు కట్టే ఉద్యోగం పేరే కంప్యూటర్. ఫిరంగి గుండు ఒక్కటి పోయే దారిని డెస్క్ కాలిక్యులేటరు మీద తేల్చడానికి 30, 40 గంటలు పట్టేది. యంత్రం రాగానే పని దానికి పోయింది, పేరూ దానికే పోయింది. పైగా సైన్యం రహస్యం కాబట్టి మొదట్లో వీళ్లను ఆ గదిలోకే రానివ్వలేదు. డయాగ్రములు చేతికిచ్చి, ఎలా పనిచేస్తుందో మీరే తేల్చుకోమన్నారు. తేల్చుకున్నారు. ప్రోగ్రాం అంటే అప్పట్లో టైపు చేసేది కాదు. ఏ పల్సు, అంటే విద్యుత్ సంకేతం, ఎప్పుడు ఎటు వెళ్లాలో చూసుకుని యూనిట్ల మధ్య కేబుళ్లు గుచ్చాలి, వేల స్విచ్చిలు తిప్పాలి. లెక్క మారితే అన్నీ పీకి మళ్లీ మొదలు, రోజుల తరబడి.

ప్రదర్శనకు లెక్క సిద్ధం చేసింది బెట్టీ స్నైడర్, బెట్టీ జెన్నింగ్స్. ముందురోజు రాత్రికి కూడా ఆ లెక్కలో గుండు నేలను తాకి ఆగడం లేదు, భూమిలోకి దిగిపోతూనే ఉంది. స్నైడర్‌కు నిద్రలో కారణం తట్టింది. పొద్దున్నే వచ్చి మాస్టర్ ప్రోగ్రామర్ అనే యూనిట్‌లో ఒక్క స్విచ్చిని ఒక్క మెట్టు జరిపారు. 30 సెకన్లకు నేలకు దిగే గుండు దారిని యంత్రం 20 సెకన్లలో లెక్కగట్టేసింది. విలేకరులు చూసిందేమో నియాన్ దీపాల మీద బోర్లించిన సగం పింగ్‌పాంగ్ బంతులు. మిలమిలమన్నాయి. 'మహా మెదడు' అని రాసేశారు. స్విచ్చి జరిగితే ఏం మెరుస్తుంది చెప్పండి?

ఫోటోల్లో ఆడవాళ్లున్నారుగా అంటారేమో. 1980ల్లో ఒక విద్యార్థిని వాళ్లెవరని అడిగితే, యంత్రం పక్కన అందానికి నిలబెట్టిన మోడళ్లని జవాబొచ్చింది.

1945 జూన్‌లో ఎడ్వాక్ అనే తర్వాతి యంత్రం నివేదిక మీద గణితవేత్త వాన్ నోయ్‌మన్ ఒక్కరి పేరే పడితే, సొమ్మొకడిది సోకొకడిదని ఎకర్ట్, ఎనియాక్‌లో ఆయన జోడీ మాక్లీ తెగ గింజుకున్నారు. 1973లో అమెరికా కోర్టు వాళ్ల ఎనియాక్ పేటెంటునూ కొట్టేసింది, మూల ఆలోచన అటనాసాఫ్ అనే మరో శాస్త్రవేత్తది అంటూ. అయినా ఆ రాత్రి విస్తరి మాత్రం వాళ్లకు పడింది.