సవరణ: వెజ్ రోల్స్ పక్కన ఇచ్చే సాస్ గురించి

కొండాపూర్‌లో ఉన్న చిన్న వియత్నామీస్ హోటల్ గురించి మొన్న రాస్తూ, అక్కడి వెజ్ సమ్మర్ రోల్స్ శాకాహారులు కళ్లు మూసుకుని తినొచ్చు అన్నాను. తప్పు రాశాను. రోల్‌లో ఉండేవి రైస్ పేపర్, బియ్యం సేమియా, ఆకులు, టోఫూ మాత్రమే, దానితో ఇబ్బంది లేదు. కానీ పక్కన చిన్న కప్పులో ఇచ్చే పల్చటి తీపి పులుపు సాస్, నువొక్ చామ్, అందులో నిమ్మరసం, చక్కెర, వెల్లుల్లి, మిర్చితో పాటు ఫిష్ సాస్ కూడా పడుతుంది, అంటే చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం. కౌంటర్‌లో అడిగితే వాళ్లే చెప్పారు, సీసా మీద కూడా రాసి ఉంది. సోయా సాస్‌తో చేసింది అడిగితే ఇస్తారట, పార్సిల్ ఆర్డర్ చేసేటప్పుడే చెప్పండి.

వెజ్ ఫో (వేడి రసంలో బియ్యం నూడుల్స్ వేసిచ్చే వియత్నామీస్ సూప్) సంగతి వేరు, దాని రసం కూరగాయలతో విడిగా కాస్తారు. మామూలు ఫో మాత్రం ఎముకల రసమే, అనాసపువ్వు వాసన చూసి మన బిర్యానీ మసాలా అనుకోకండి.

ఇంకోటి, మొన్న నేను "ఫో పార్సిల్ వద్దు" అన్నది రుచి బాగోలేదని కాదు. రసం విడిగానే కట్టిస్తారు, కానీ తినేదాకా ఆగకుండా ముందే కలిపేస్తే బియ్యం నూడుల్స్ ఉబ్బి ముద్దైపోతాయి, అంతే.