కన్నీటికి ఐఎస్‌ఐ మార్కు కావాలి

ప్రెషర్ కుక్కరుకు ప్రమాణం ఉంది. హెల్మెట్‌కు ఉంది. సిమెంటు బస్తాకు ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎంతసేపు, ఎంత గట్టిగా, ఏ భంగిమలో ఏడవాలన్నదానికి మాత్రం ఈ దేశంలో ఇంతవరకు ఎవరూ ప్రమాణం నిర్ణయించలేదు. ఇది పరిపాలనా లోపం. జీతభత్యాలు ఆశించకుండా ఈ లోపాన్ని పూడుస్తున్న వర్గం ఒకటుంది. పగలంతా ఉద్యోగం చేసుకొని, రాత్రి భోజనమయ్యాక ఫోను చేతపట్టి, ఎక్కడో ఓ పసిబిడ్డ హత్యకు గురైందన్న వార్త రాగానే ఆ ఇంటివాళ్ల వీడియోను పావు వేగంతో తిప్పి తిప్పి చూసి, "నాలుగో నిమిషంలో తల్లి కళ్లు పక్కకు తిరిగాయి, గమనించారా?" అని లోకాన్ని హెచ్చరించే స్వచ్ఛంద పరిశోధకులు వీరు. వీరి సేవలకు అధికారిక గుర్తింపు కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శవపరీక్ష నివేదిక రావడానికి రోజులు పడుతుంది. డీఎన్‌ఏ ఫలితాలకు వారాలు, ఒక్కోసారి నెలలు. వీరికి అరగంట చాలు. కావలసిన సామగ్రి ఒక ఫోను, ఒక అనుమానం. అనుమానం ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఖర్చు ఫోనుకే. శాస్త్రం కూడా కష్టమైనదేమీ కాదు. తల్లి ఏడవకపోతే అది రాతిగుండె. ఏడిస్తే నటన. కాసేపు ఏడ్చి ఆగిపోతే నటన చేతకాక ఆపేసింది. గడగడా చెప్పిందంటే ముందే వల్లెవేసుకుంది, తడబడిందంటే అబద్ధం కోసం వెతుక్కుంటోంది. మంచినీళ్లు అడిగితే భయంతో గొంతు తడారింది. అడగకపోతే ఇంత జరిగినా దాహం కూడా వేయలేదంటే ఎంత నిబ్బరమో చూడండి! జవాబు ఏదైనా తీర్పు మారకుండా చూసుకోగల శాస్త్రం ఇంకొకటి నాకు కనిపించలేదు, జాతకాలను మినహాయిస్తే.

ఇదేదో విదేశాల నుంచి దిగుమతి అయిన విద్య అనుకోనక్కర్లేదు. చావింటికి పరామర్శకు వెళ్లిన వాళ్లు తిరుగుదారిలో బస్సెక్కేలోపు "చిన్నకోడలు కొంగు అడ్డం పెట్టుకుంది గాని, కంట్లో తడి లేదు" అని తేల్చడం మన ఊళ్లలో తరతరాలుగా ఉన్నదే. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలు కంటనీరు పెట్టుకుందని సామెత కట్టి, ఆలస్యానికి జరిమానా కూడా వేశాం. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని పెద్దలు శాసనం చేశారు. నవ్వని ఆడవాళ్లకు, ఏడవని మగవాళ్లకు అందులో ఒక చిన్న వెసులుబాటు మిగిలిపోయింది. నవీన పరిశోధకులు ఆ లొసుగును కూడా మూసేశారు.

ఈ శాస్త్రం సాధించిన మహత్తర విజయం ఇంటర్నెట్ ఇళ్లలోకి రాకముందే ఆస్ట్రేలియాలో నమోదైంది. 1980 ఆగస్టు 17 రాత్రి, అప్పట్లో ఏయర్స్ రాక్ అని పిలిచే ఉలూరు కొండ దగ్గర, లిండీ ఛాంబర్లిన్ అనే తల్లి తన తొమ్మిది వారాల పాప అజారియాను గుడారంలోంచి డింగో ఎత్తుకుపోయిందని కేక పెట్టింది. డింగో అంటే అక్కడి అడవికుక్క. డింగోలకు మనుషులంటే బెదురు పోయిందని, ప్రమాదం జరగవచ్చని అక్కడి ఉద్యానవన అధికారి అప్పటికే పై వాళ్లను హెచ్చరించి ఉన్నాడు. జాడలు చదవడంలో ఆరితేరిన ఆదివాసీలు గుడారం దగ్గర జంతువు అడుగులను గుర్తించారు. 1981 ఫిబ్రవరిలో విచారణ జరిపిన కరోనర్ (అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి) డెనిస్ బారిట్ కూడా పాపను తీసుకుపోయింది డింగోయేనని తేల్చి, ఆ మాటను టీవీలో ప్రత్యక్ష ప్రసారం చేయించాడు. తల్లిదండ్రుల మీద లేచిన పుకార్లను తీవ్రంగా గర్హించాడు కూడా.

కానీ ఇవన్నీ నేల మీద కనిపించే వివరాలు. జనం నేల వైపు చూడలేదు, టీవీలో లిండీ ముఖం చూశారు. ఆ ముఖం ఏడవడం లేదు. కెమెరా ముందు స్థిరంగా మాట్లాడింది. కోర్టుకు శుభ్రమైన గౌన్లు వేసుకొచ్చింది. రోజుకో గౌను వేసుకొచ్చే తల్లి బిడ్డను చంపక ఏం చేస్తుంది? ఆ దంపతులది సెవెన్త్ డే అడ్వెంటిస్టు అనే చిన్న క్రైస్తవ శాఖ, భర్త అందులో పాస్టరు. అంతే, అది నరబలి మతమై కూర్చుంది. పాప పేరుకు 'ఎడారిలో బలి' అని అర్థం ఉందని ఎవరో పుట్టించారు. పాపకు నల్ల గౌను తొడిగేవారట! ఆ గౌను నిజంగానే ఉంది, కాబట్టి మిగతాదంతా నిజమే అయ్యుండాలి. డింగో నిర్దోషి అని చొక్కాల మీద అచ్చు వేయించుకొని తిరిగిన వారున్నారు. మూగజీవానికి పౌరసమాజం అంత అండగా నిలిచిన సందర్భం చరిత్రలో అరుదు.

ముఖం తీర్పు చెప్పేశాక ప్రయోగశాల దాని వెంట నడిచింది. కారులో కనిపించిన మరకలు పసిబిడ్డ నెత్తురే అన్నారు. 1982 అక్టోబరు 29న డార్విన్ నగరంలో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది, యావజ్జీవ శిక్ష పడింది. అప్పటికామె నిండు గర్భిణి. జైలుకెళ్లిన కొద్ది రోజులకే పుట్టిన ఆడబిడ్డను తల్లి దగ్గర ఉంచనివ్వలేదు. పాప లోపలి బట్టల మీద చిన్న కోటు కూడా తొడిగానని ఆమె మొదటి నుంచీ చెబుతూనే ఉంది. అలాంటి కోటే లేదన్నారు. 1986లో ఆ కొండ మీద నుంచి ఒక ఇంగ్లండు యాత్రికుడు జారిపడి చనిపోతే, అతని అవశేషాల కోసం వెతుకుతుండగా డింగోల గుహలున్న చోట ఆ కోటు దొరికింది. ఆమెను వదిలేశారు. కారులోని ఆ 'నెత్తురు' తీరా చూస్తే, చప్పుడు తగ్గడానికి కారు తయారీలోనే చల్లే పదార్థం. 1988లో శిక్ష రద్దయింది. 2012 జూన్ 12న మరో కరోనర్ ఎలిజబెత్ మోరిస్, అజారియా చావుకు డింగోయే కారణమని అధికారికంగా ప్రకటించింది. ముఖశాస్త్రం ఒక్క సాయంత్రంలో తేల్చిన విషయాన్ని ప్రభుత్వ యంత్రాంగం 32 ఏళ్లు సాగదీయడం చూస్తే, స్వచ్ఛంద పరిశోధకుల అవసరం ఎంతుందో అర్థమవుతుంది.

అయితే ఏడిస్తే చాలా అంటే, దానికీ ఒక నిదర్శనం ఉంది. 1994 అక్టోబరులో అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో సూజన్ స్మిత్ అనే యువతి, ఒక నల్లజాతి మనిషి తన కారుతో పాటు ఇద్దరు కొడుకులను ఎత్తుకుపోయాడని టీవీలో వెక్కి వెక్కి ఏడ్చింది. ఏ ప్రమాణాల ప్రకారం చూసినా నాణ్యమైన ఏడుపు. దేశమంతా ఆమెతో కలిసి ఏడ్చింది, ఆ చుట్టుపక్కల నల్లవాళ్లంతా అనుమానితులయ్యారు. తొమ్మిది రోజుల తర్వాత, కారును పిల్లలతో సహా చెరువులోకి వదిలింది తానేనని ఒప్పుకుంది. పెద్దవాడికి మూడేళ్లు, చిన్నవాడికి 14 నెలలు. పోలీసులకు పనికొచ్చిన ఆధారాల్లో ఒకటి ట్రాఫిక్ సిగ్నల్. ఎర్ర దీపం దగ్గర ఆగానని, చుట్టూ మరో బండి లేదని ఆమె చెప్పింది. అడ్డదారిలో బండి వస్తే తప్ప అక్కడ ఎర్ర దీపం వెలగదు. ఇలాంటి ప్రాణం లేని స్తంభాల సాక్ష్యానికి మన శాస్త్రంలో చోటు లేదు. స్తంభానికి ముఖం ఉండదు కదా.

ఇక మన దేశానికి వద్దాం. 2008 మే 16 తెల్లవారుజామున నోయిడాలోని జలవాయు విహార్‌లో 13 ఏళ్ల ఆరుషి తల్వార్ తన గదిలో హత్యకు గురై కనిపించింది. ఇంట్లో పనిచేసే హేమరాజ్ కనిపించడం లేదు కాబట్టి హంతకుడు అతడేనని పోలీసులు నిర్ణయించి, ఆచూకీ చెప్పినవారికి 20,000 రూపాయలు బహుమతి ప్రకటించారు. మేడ మీదికి వెళ్లే తలుపుకు తాళం ఉంది, నెత్తుటి మరకలూ ఉన్నాయి. ఆ రోజు ఆ తలుపు తెరవలేదు. మర్నాడు తెరిస్తే హేమరాజ్ అక్కడే ఉన్నాడు, శవమై. అంటే పారిపోయిన హంతకుడి కోసం అందరూ వెతుకుతున్న సమయంలో అతడు వాళ్ల నెత్తి మీదే పడి ఉన్నాడు. విలేకరులు, ఇరుగుపొరుగు, చుట్టాలు ఇంటి నిండా తిరుగుతున్నారు, ఎవరి ముఖం ఎలా ఉందో చూస్తున్నారు. మెట్లెక్కి చూడడం ఎవరి బాధ్యతా కాలేదు.

వారం తిరిగేసరికి తండ్రి రాజేశ్ తల్వార్ అరెస్టయ్యాడు. ఆ విషయం చెప్పడానికి విలేకరుల సమావేశం పెట్టిన పోలీసు ఉన్నతాధికారి ఆ పిల్ల పేరును కూడా సరిగ్గా పలకలేదు, వేరే పేరుతో పిలిచాడు. పేరు తెలియకపోయినా ఆమె శీలం మీద మాత్రం ఆయనకు కచ్చితమైన అభిప్రాయాలుండేవి. (ఇక్కడ వ్యంగ్యం నా చేతికి అందడం లేదు. చనిపోయిన పిల్ల గురించి తెలుసుకోవలసినదల్లా ఆమెను ఎవరు చంపారన్నదొక్కటే. ఆ ఒక్కటి తప్ప తక్కినదంతా దేశం చర్చించింది.) తర్వాత తల్లి నూపుర్ ఒక టీవీ ఛానల్లో మాట్లాడింది. కుప్పకూలలేదు. కన్నీళ్లు ధారగా కారలేదు. అంతటితో కేసు ముగిసిపోయింది. తెలుగిళ్లలో కూడా రాత్రి భోజనాల దగ్గర "కన్నతల్లి అయితే అలా కూర్చోగలదా?" అన్న ప్రశ్న పచ్చడి గిన్నెతో పాటు చేతులు మారింది.

కోర్టులకు మాత్రం ఇంకా తొమ్మిదేళ్లు పట్టింది. 2010 డిసెంబరులో తగిన ఆధారాలు లేవని సీబీఐ కేసు మూసివేత నివేదిక ఇచ్చింది. కోర్టు దాన్నే అభియోగపత్రంగా స్వీకరించింది. 2011 జనవరిలో ఘజియాబాద్ కోర్టు ఆవరణలో ఒక యువకుడు తండ్రి మీద కత్తితో దాడి చేశాడు. పరిశోధనను శిక్ష దాకా తీసుకువెళ్లిన చొరవ అది. 2013 నవంబరులో దంపతులిద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. లెక్కల మాస్టారు లెక్క చేసినట్టు, సినిమా దర్శకుడు కథ అల్లినట్టు కింది కోర్టు వ్యవహరించిందని ఆక్షేపించింది. పాపం ఆ కింది కోర్టు చేసిన తప్పేముంది? దేశమంతా దర్శకత్వం వహిస్తున్నప్పుడు తానూ ఒక చెయ్యి వేసింది.

శాస్త్రానికి గిట్టనివారు కొందరు లెక్కలు చూపిస్తారు. చార్లెస్ బాండ్, బెల్లా డెపాలో అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు, ఎదుటి మనిషి నిజం చెబుతున్నాడో అబద్ధం చెబుతున్నాడో 24,000 మందికి పైగా చెప్పిన తీర్పులను పోగుచేసి 2006లో ప్రచురించారు. సగటున 54 శాతం సరిపోయాయి. రూపాయి బిళ్ల ఎగరేసినా 50 వస్తుంది. అంటే బిళ్ల కంటే మనం నాలుగు శాతం తెలివైనవాళ్లం. ఇది గర్వించవలసిన విషయమే. ఎవరినైనా జీవితాంతం జైల్లో పెట్టడానికి ఇంతకంటే గట్టి పునాది ఏం కావాలి? నిందితుడి ప్రవర్తనను పరిగణనలోకి తీసుకోవచ్చని, 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉండేది. కాకపోతే పారిపోవడం, వస్తువులు దాచేయడం లాంటి మోటు ప్రవర్తన దగ్గరే ఆ చట్టం ఆగిపోయింది. కనురెప్పల దాకా రాలేదు.

అందుకే భారతీయ ప్రమాణాల సంస్థ ఒక కన్నీటి ఉపసంఘాన్ని వేయాలని నా ప్రతిపాదన. మొదటి రోజు స్పృహ తప్పడం తప్పనిసరి చేయాలి, అయితే ఒక్కసారికి మించకూడదు. చీర నలిగి ఉండాలి, కానీ కావాలని నలిపినట్టు ఉండకూడదు. తండ్రి చొక్కాకు ఇస్త్రీ నిషిద్ధం. న్యాయవాదిని పెట్టుకోవడం నేరాంగీకారంతో సమానం, పెట్టుకోకపోవడం అతి తెలివి. విదేశాల్లోని తెలుగువారి సంగతి కొంచెం చిక్కు. మన పద్ధతిలో గుండెలు బాదుకుంటే అక్కడి పోలీసుకు అతిగా అనిపించవచ్చు; అక్కడి పద్ధతిలో బిగపట్టుకుంటే వీడియోలో చూసిన ఇక్కడి చుట్టాలు నోళ్లు నొక్కుకుంటారు. వీసాతో పాటు ఏ దేశపు ఏడుపు వర్తిస్తుందో ముద్ర వేయించుకోవడం ఒక్కటే మార్గం.

పరిశోధన బెడిసికొట్టినప్పుడు ఏం చేయాలో కూడా ముసాయిదాలో రాశాను. వీడియో తీసేయాలి. రెండు రోజులు ఊరుకోవాలి. తర్వాత ఎవరైనా అడిగితే "కోర్టు వదిలేస్తే వదిలేయవచ్చు గాని, ఏదో ఉంది" అనాలి. క్షమాపణకు నమూనా పత్రం జతచేయలేదు, అది ఎవరూ అడిగే అవకాశం లేదు కాబట్టి.

చివరి నిబంధన ఉపసంఘం సభ్యుల గురించి. ఈ ప్రమాణాలు వారి ఇళ్లకు వర్తించవు. వారింట్లో అలాంటి కష్టం వచ్చిన రోజున మనిషికో తీరుంటుందని, కొందరికి ఏడుపు వెంటనే రాదని, కొందరికి నెలల తర్వాత వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు వస్తుందని అందరూ పెద్దమనసుతో అర్థం చేసుకోవాలి. వీధి మలుపు దాకా ఎవరూ ఫోను బయటికి తీయకూడదు.