పడమటి ఎండకి అద్దాలు జవాబు కాదు

బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మాట ఇది: "చార్లెస్ కొరియా లాంటి ఆర్కిటెక్టుల ఇళ్ళు ఫొటోల్లో బాగుంటాయి, మన ఎండకి పనికిరావు. సన్‌షేడ్, టింటెడ్ గ్లాస్, ఏసీ ఉంటే చాలు. మిగతాదంతా దండగ ఖర్చు." ఇది నమ్మి పడమర గోడంతా అద్దాలు పెట్టించుకుంటున్నారు. చూస్తే బాధేస్తోంది.

కొరియా మనకి పరాయివాడేం కాదు. 1930లో సికింద్రాబాద్‌లోనే పుట్టారు. 1960ల్లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఆఫీసు కట్టినప్పుడు డాబా మీద పర్గోలాతో, అంటే పందిరి లాంటి చట్రంతో, నీడ పరిచారు. ఇంట్లో ఆకాశం కనిపించే జాగా ఉండాలని ఆయన పట్టుబట్టేవారు. మన మండువా లోగిళ్ళలో ఉన్నదీ అదే. అయితే అహ్మదాబాద్‌లో ఆయన కట్టిన ట్యూబ్ హౌస్ అనే సన్నటి, పొడవాటి ఇల్లు పొడి ఎండకి తగినది. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దించకూడదు. మన ఉక్కపోతకి ఎదురెదురు కిటికీలు ఉండి గాలి ఆడాలి.

"సన్‌షేడ్ చాలు" అన్నదే అన్నిటికంటే పెద్ద పొరపాటు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. దెబ్బంతా డాబాకే, దక్షిణపు కిటికీకి ఆ వేళ ఎండే తగలదు. పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 35 డిగ్రీల ఎత్తుకి దిగుతాడు. రెండడుగుల సన్‌షేడ్ అప్పుడిచ్చే నీడ అడుగున్నర కూడా ఉండదు. నాలుగడుగుల కిటికీలో మిగతాదంతా ఎండే! అక్కడ కావలసింది నిలువు పలకలు, చిల్లులున్న జాలీ గోడ, లోతైన వరండా, కుదిరితే ఓ వేపచెట్టు. ముంబైలో సముద్రమూ గాలీ పడమరే, మండే ఎండా అటే. 1983లో పూర్తయిన కాంచనజంగా అపార్ట్‌మెంట్స్‌లో కొరియా రెండంతస్తుల ఎత్తు వరండాలు పెట్టి గదుల్ని వెనక్కి జరిపారు. కృష్ణ వ్యూ కోసం పడమరకి ఫ్లాట్లు తెరిచే మన బిల్డర్లు ముందు ఆ ప్లాన్ చూడాలి.

టింటెడ్ గ్లాస్ వెలుతురు తగ్గిస్తుంది. కానీ ఎండకి తనే కాగిపోయి, ఆ వేడిలో కొంత గదిలోకే వదుల్తుంది. లోపల కర్టెన్ వేసినా ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే. నీడ బయటే పడాలి. సబర్మతి ఆశ్రమంలోని గాంధీ మ్యూజియానికి కొరియా అద్దాలు కాకుండా చెక్క లూవర్లు, అంటే ఏటవాలు పలకలు, పెట్టారు.

ఏసీ వద్దనడం లేదు. పగలంతా కాగిన శ్లాబు, పడమటి గోడ రాత్రంతా వేడి వదుల్తుంటే దానికీ పని ఎక్కువే, కరెంటు బిల్లూ ఎక్కువే.

ఇక ఖర్చంటారా, వరండాకి, జాలీకి కొంత అవుతుంది. కానీ మెట్లు, బాత్రూమ్, స్టోర్ రూమ్ పడమరకి జరిపి బెడ్‌రూమ్ తూర్పుకి ఇమ్మని ప్లాన్ గీసేటప్పుడే అడిగితే పెద్దగా ఖర్చేమీ పెరగదు.