పరిశీలకుడిని లెక్కలోకి తీసుకుంటే నష్టమేమిటి?

కొలిచే మనిషిని, అంటే పరిశీలకుడిని, లెక్కలోకి తీసుకుంటే విజ్ఞానశాస్త్రం కూడా ఒక అభిప్రాయంగా మిగిలిపోతుందని ఒక వ్యాసకర్త వాదించారు. ఆ వాదనతో నేను ఏకీభవించలేను. ఇందుకు పరిశీలకుడి పాత్ర చర్చకు వచ్చే క్వాంటం భౌతికశాస్త్రం దాకా వెళ్లనక్కర్లేదు. అంతకు వందేళ్ల ముందే ఖగోళశాస్త్రం ఈ ప్రశ్నను ఎదుర్కొంది.

1796లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్ వేధశాల అధిపతి నెవిల్ మాస్కెలిన్ తన సహాయకుడు డేవిడ్ కిన్నిబ్రూక్‌ను పనిలోంచి తొలగించారు. నక్షత్రాల స్థానాలు లెక్కించడానికి, గడియారం చప్పుళ్లను చెవితో లెక్కపెట్టుకుంటూ, దూరదర్శినిలోని సన్నని తీగను నక్షత్రం దాటే క్షణాన్ని సెకనులో పదో వంతు వరకు కంటితో అంచనా వేసి రాసుకోవడం అప్పటి పద్ధతి. కిన్నిబ్రూక్ రాసిన సమయాలు మాస్కెలిన్ సమయాలకన్నా దాదాపు 0.8 సెకను వెనకబడి ఉండేవి. తప్పు సహాయకుడిదేనని తేల్చేశారు; మాస్కెలిన్ కూడా ఒక పరిశీలకుడేనన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు ఈ ఉదంతంలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

1820ల్లో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ తన కొలతలను తోటి నిపుణుల కొలతలతో పోల్చి చూసి, ఆరితేరినవారి మధ్య కూడా ఇలాంటి తేడాలుంటాయని చూపించారు. అశ్రద్ధ అనుకున్నది కొలవదగిన పరిమాణం అయింది, దాన్ని సవరించాక నక్షత్రాల స్థానాలు మరింత కచ్చితంగా తెలిశాయి. అయితే ఒక్కో పరిశీలకుడి కొలతలో వచ్చే ఈ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండదు కనుక, ఆ సవరణను మళ్లీ మళ్లీ సరిచూసుకోవలసి వచ్చేది. మనిషి ప్రతిస్పందనకు పట్టే కాలాన్ని ప్రయోగశాలల్లో కొలవడానికి, తద్వారా ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రానికి, దారి తీసినవాటిలో ఈ సమస్య కూడా ఒకటి.