‘చచ్చిన బురద’ కథ: సముద్రపు అడుగు గురించి తిరుగుతున్న పోస్టుకు జవాబు

లోతు సముద్రంలో ఖనిజాల తవ్వకం మాట వార్తల్లోకి వచ్చినప్పుడల్లా ఒక పోస్టు మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. సారాంశం ఇది. నాలుగైదు కిలోమీటర్ల లోతున సముద్రపు నేల చచ్చిన బురద. ఆ ఒత్తిడికి ఏ ప్రాణీ నిలవదు. ఫొటోలు చూస్తేనే తెలుస్తుంది, అక్కడేమీ లేదు. తిండి లేదు, నీరు కదలదు. ఆ బురద మీద బంగాళదుంపల్లా ఊరికే పడి ఉన్న మాంగనీస్ నాడ్యూళ్లను (లోహాలున్న ముద్దలను) ఏరుకుంటే ఎవరి సొమ్మూ పోదు. లేచిన బురద సాయంత్రానికి సర్దుకుంటుంది, నాలుగేళ్లకు గుర్తు కూడా మిగలదు. చివర్లో ఓ కొసమెరుపు: “సముద్రంలో 95 శాతం తెలియదని శాస్త్రవేత్తలే అంటున్నారు, మరి నష్టమని వీళ్లకెలా తెలుసు?”

95 శాతం చూడనే లేదంటే, అది చచ్చిందని ఎవరు చూసి చెప్పారు? పోస్టులో మొదటి మాటకూ చివరి మాటకూ పొత్తు కుదరదు. అయినా విడివిడిగానే చూద్దాం. ఒకటి రెండు చోట్ల అందులో కొంత నిజం కూడా ఉంది.

“ఆ ఒత్తిడికి ఏదీ బతకదు”

ఇది 180 ఏళ్ల కిందటి మాట. బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1841–42లో ఏజియన్ సముద్రంలో డ్రెడ్జి (నేలను గీకి నమూనాలు తెచ్చే సంచి) లాగాడు. లోతుకు పోయేకొద్దీ ప్రాణులు తగ్గిపోవడం చూసి, 300 ఫాదమ్‌ల కింద, అంటే దాదాపు 550 మీటర్ల కింద, జీవం ఉండదని లెక్కగట్టాడు. ప్రాణులు తగ్గుతాయన్నది నిజమే. ఆ తగ్గుదలను సున్నా దాకా పొడిగించడం దగ్గరే పొరపాటు జరిగింది. ఏజియన్ అసలే తిండి తక్కువైన సముద్రం. పైగా ఆయన డ్రెడ్జి సంచి చిల్లులు చిన్నవి కావడంతో బురదతో మూసుకుపోయేవి. 1869లో ‘పోర్కుపైన్’ నౌక 2,435 ఫాదమ్‌ల నుంచి, అంటే సుమారు 4,450 మీటర్ల నుంచి, ప్రాణుల్ని పైకి తెచ్చింది. 1951లో ‘గలాథియా’ ఫిలిప్పీన్ అగాధంలో పది కిలోమీటర్లు దాటిన లోతున వల లాగితే సముద్ర దోసకాయలు, ఎనిమోన్లు వచ్చాయి.

ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 4,000 మీటర్ల దగ్గర 400 రెట్లు. దానికి నలిగేది లోపల గాలి ఉన్న వస్తువు. థర్మాకోల్ కప్పును కిందికి పంపితే బొటనవేలంత అయి పైకి వస్తుంది. గాలి సంచి లేని పురుగుకు లోపలా బయటా ఒకే ఒత్తిడి కాబట్టి నలిగే ప్రశ్నే రాదు. దానికి వచ్చే కష్టం అణువుల స్థాయిలో ఉంటుంది. ప్రొటీన్ల మడతలు చెదురుతాయి, కణపు పొరలు గట్టిపడతాయి. చేపలు ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఒంట్లో పెంచుకుని ప్రొటీన్లను కాపాడుకుంటాయి. లోతు పెరిగేకొద్దీ అది ఇంకా కావాలి. 8,200–8,400 మీటర్ల దగ్గర ఒంటి ద్రవాల గాఢత సముద్రపు నీటి గాఢతను అందుకుంటుంది కాబట్టి చేపలకు అదే హద్దు అని లెక్క. 2022లో ఇజు–ఒగసవారా అగాధంలో 8,336 మీటర్ల దగ్గర కెమెరాకు చిక్కిన చేప ఆ లెక్కకు సరిగ్గా సరిపోయింది. రొయ్యల బంధువులైన ఆంఫిపాడ్లకు ఆ హద్దు కూడా లేదు. సముద్రంలోకెల్లా లోతైన ఛాలెంజర్ డీప్ అడుగున, దాదాపు 10,900 మీటర్ల దగ్గర కూడా అవి ఎరకు గుంపులుగా వస్తాయి.

“ఫొటోల్లో చూడండి, ఏమీ లేదు”

పోస్టులో జనం ఎక్కువగా నమ్మే ముక్క ఇదే కనుక కాస్త నిదానంగా చూడాలి. ఓడ లాక్కుపోయే కెమెరా నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుతూ ఫొటోలు తీస్తుంది. అందులో నమ్మకంగా గుర్తుపట్టగలిగేది సెంటీమీటరుకు పైబడిన ప్రాణినే. లోతు సముద్రపు జంతువుల్లో చాలావాటి పొడవు మిల్లీమీటర్లలో ఉంటుంది, పైగా అవి బురద పై అయిదు సెంటీమీటర్లలో బతుకుతాయి. విమానంలోంచి చూసి పొలంలో వానపాములు లేవన్నట్టు ఉంటుంది ఈ వాదన.

వాటిని లెక్కపెట్టాలంటే బురదను పొర చెదరకుండా పైకి తేవాలి. దీనికి మామూలుగా వాడేది బాక్స్ కోరర్: 50 × 50 సెంటీమీటర్ల ఉక్కు పెట్టె, కింద మూసే పార. వించి (తాడు చుట్టే యంత్రం) సెకనుకు ఒక మీటరు చొప్పున వదిలితే 4,500 మీటర్లు దిగడానికి 75 నిమిషాలు, ఎక్కడానికి మరో 75. నమూనా దించుకుని, కోరర్‌ను మళ్లీ సిద్ధం చేసే సమయం కలుపుకుంటే 24 గంటల్లో ఆరేడు దాటడం కష్టం. ఒక్కొక్కటి పావు చదరపు మీటరు. అంటే రోజంతా ఓడ నడిపినా చేతికొచ్చేది ఒక మంచమంత నేల.

అది కూడా సరిగ్గా వస్తేనే. పెట్టె వేగంగా దిగితే దాని ముందు నీటి తోపుడు పుట్టి, నేల మీది మెత్తటి నలుసును, దానిలోని తేలికైన ప్రాణుల్ని పక్కకు ఊదేస్తుంది. అందుకే చివరి కొన్ని పదుల మీటర్లలో వించి వేగం సగానికి తగ్గిస్తారు. పార మూసుకునేటప్పుడు అంచున ఒక నాడ్యూల్ ఇరుక్కుంటే సందు మిగిలిపోతుంది, పైకి వచ్చేసరికి బురద కడిగేసుకుపోతుంది. పెట్టెలో పైనున్న నీరు తేటగా ఉంటేనే ఆ నమూనా పనికొస్తుంది. కలకగా ఉంటే లెక్కకు తీసుకోకూడదు. నీటి తోపుడు తప్పించడానికి మల్టీకోరర్ ఉంది. హైడ్రాలిక్ డ్యాంపర్ (దిగే వేగాన్ని తగ్గించే పరికరం) మీద దాని గొట్టాలు చాలా నెమ్మదిగా దిగుతాయి, పై నలుసు కదలదు. కానీ 10 సెంటీమీటర్ల గొట్టం కింద పిడికిలంత నాడ్యూల్ పడితే గొట్టం దిగదు. కాబట్టి నాడ్యూళ్ల నేల మీద రెండూ కావాలి: నెమటోడ్ల (సన్నటి దారం లాంటి పురుగుల) వంటి అతి చిన్నవాటికి మల్టీకోరర్, మిగతావాటికి బాక్స్ కోరర్.

ఆ తర్వాత జల్లెడ. పై నీటిని వృథాగా పారబోయరు, జల్లెడలోకి వంపుతారు. నాడ్యూళ్లను విడిగా కడుగుతారు, ఎందుకంటే వాటి పగుళ్లలో ఉండే పురుగులు వేరే లెక్క. బురదను 0–2, 2–5, 5–10 సెంటీమీటర్ల పొరలుగా కోసి 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటరు) జల్లెడలో వడకడతారు, నెమటోడ్లకైతే 32 మైక్రాన్లు. ఒకప్పుడు తీరప్రాంతపు అలవాటుతో ఒక మిల్లీమీటరు జల్లెడ వాడేవాళ్లు. లోతు సముద్రపు పురుగుల్లో సింహభాగం అందులోంచి జారి బురదతోపాటు సముద్రంలోకే పోయేది. కడిగే నీరు కూడా చల్లగా ఉండాలి. ఒకటి రెండు డిగ్రీల చలిలో బతికిన పురుగు మీద 28 డిగ్రీల ఉపరితల నీరు పోస్తే నిమిషాల్లో మెత్తబడి తునకలవుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే ఆకారం నిలుస్తుంది, డీఎన్ఏ పాడవుతుంది. ఆల్కహాల్‌లో వేస్తే డీఎన్ఏ నిలుస్తుంది, మెత్తటి ఒళ్లు ముడుచుకుపోతుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి.

ఇంత జాగ్రత్తగా చేస్తే ఏమొచ్చింది? 1992లో గ్రాసిల్, మాసియోలెక్ ప్రచురించిన లెక్క ఇది. అమెరికా తూర్పు తీరానికి ఆవల, 1,500–2,500 మీటర్ల లోతున తీసిన 233 కోర్లు (బురద నమూనాలు). ఒక్కొక్కటీ 30 × 30 సెంటీమీటర్లు, అన్నీ కలిపి 21 చదరపు మీటర్లు. ఒక మోస్తరు గదంత నేల. అందులో 798 జాతులు! నాలుగు కిలోమీటర్లు దాటిన లోతున, హవాయి–మెక్సికోల మధ్యనున్న క్లారియన్–క్లిప్పర్టన్ నాడ్యూళ్ల ప్రాంతంలో సాంద్రత ఇంకా తక్కువ, చదరపు మీటరుకు కొన్ని వందల పురుగులు మాత్రమే. కానీ జాతుల సంఖ్య తక్కువ కాదు. పది పురుగుల్లో ఆరేడు వేర్వేరు జాతులైతే అది ఎడారి లెక్క కాదు.

“తిండి లేదు, నీరు కదలదు”

తిండి తక్కువ, ఇది నిజం. పైన తయారయ్యే సేంద్రియ పదార్థంలో సుమారు ఒక శాతమే అంత లోతుకు నలుసు వానలా దిగుతుంది. అయితే అది ఏడాది పొడవునా ఒకే తీరున రాలదు. ఈశాన్య అట్లాంటిక్‌లోని పోర్కుపైన్ మైదానం మీద, 4,850 మీటర్ల దగ్గర, 1996లో ఆంపెరిమా అనే చిన్న సముద్ర దోసకాయలు హెక్టారుకు ఆరేడు నుంచి అయిదు వందలకు పైగా పెరిగాయి. కాలిఫోర్నియా ఆవల 4,000 మీటర్ల దగ్గరున్న స్టేషన్ ఎం లో 1989 నుంచి సాగుతున్న కొలతలు కూడా ఇలాంటి ఎత్తుపల్లాలనే చూపిస్తున్నాయి. ఇక నీరు: నాడ్యూళ్ల ప్రాంతంలో మామూలుగా సెకనుకు కొన్ని సెంటీమీటర్ల ప్రవాహం ఉంటుంది. నెమ్మదే గానీ ఆగి లేదు. ఈ అంకె కాసేపట్లో పనికొస్తుంది.

“నాడ్యూళ్లు ఊరికే పడి ఉన్నాయి”

ఒక నాడ్యూల్ పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. షార్కు పన్ను లాంటి ఏదో గట్టి తునక చుట్టూ మాంగనీస్, ఇనుము పొరలుగా పేరుకుంటాయి, వాటిలో నికెల్, రాగి, కోబాల్టు చిక్కుతాయి. ఏరిన చోట మళ్లీ మొలుస్తాయనుకోవడం మానవకాలంలో అర్థం లేని మాట.

అంతకన్నా ముఖ్యం: వేల చదరపు కిలోమీటర్ల మెత్తటి బురదలో కాలు నిలదొక్కుకోవడానికి ఉన్న గట్టి నేల ఆ ముద్దలే. స్పాంజీలు, పగడాలు, ఎనిమోన్లు వాటికే అతుక్కుంటాయి. క్లారియన్–క్లిప్పర్టన్ తూర్పు భాగంలో కంటికి కనిపించే జంతుజాతుల్లో సగం నాడ్యూళ్ల మీదే దొరికాయి. పెరూ బేసిన్‌లో 4,000 మీటర్లు దాటిన లోతున ఒక ఆక్టోపస్ నాడ్యూల్ మీద నిలబడ్డ చచ్చిన స్పాంజీ కాడకు గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని కూర్చుంది. అక్కడ గొలుసు ముద్ద, కాడ, గుడ్డు. మొదటిది తీసేస్తే మిగతా రెండూ ఉండవు.

ఎదుటిపక్షం వాళ్లూ, అంటే తవ్వకం వద్దనేవాళ్లూ, ఇక్కడ ఒక అతి చేస్తున్నారు. నాడ్యూళ్లు చీకట్లో ఆక్సిజన్ తయారుచేస్తాయని 2024లో ఒక పరిశోధన వచ్చింది. సముద్రపు నేల మీద దించిన మూసిన పెట్టెల్లో ఆక్సిజన్ తగ్గాల్సింది పోయి పెరిగిందని అందులో ఉంది. ముద్దల ఉపరితలం మీద కొలిచిన వోల్టేజి 0.95 వోల్టుల దాకా ఉంది, నీటిని ఆక్సిజన్, హైడ్రోజన్‌లుగా విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారమే 1.23 కావాలి. పెట్టెలో పైనుంచి వచ్చిన గాలి బుడగ చిక్కుకుని ఉండొచ్చని విమర్శలొచ్చాయి. వివాదం తేలకుండా దాన్ని వాదనకు పునాదిగా వాడొద్దు. అది లేకపోయినా పై పేరాకు వచ్చే లోటేమీ లేదు.

“బురద సాయంత్రానికి సర్దుకుంటుంది”

ఇందులో సగం నిజం. 2021లో పటానియా–2 అనే నాడ్యూళ్లు ఏరే యంత్రాన్ని నడిపినప్పుడు కొలిస్తే, లేచిన బురదలో 92 నుంచి 98 శాతం నేలకు రెండు మీటర్ల లోపే బరువైన పొరలా పారింది. ఆకాశమంత మబ్బు లేస్తుందన్న భయం ఆ మేరకు ఎక్కువే. మిగిలిన రెండు నుంచి ఎనిమిది శాతమే అసలు చిక్కు.

ద్రవంలో రేణువు దిగే వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రంతో వేసి చూడండి. అంత చల్లటి నీటిలో 10 మైక్రాన్ల రేణువు రెండు మీటర్లు దిగడానికి సుమారు 11 గంటలు పడుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టి రేణువుకు పరిమాణం అయిదో వంతు కాబట్టి 25 రెట్లు, అంటే 11–12 రోజులు. సెకనుకు 3 సెంటీమీటర్ల ప్రవాహంలో మొదటిది ఒక కిలోమీటరు దాటి పడుతుంది, రెండోది 30 కిలోమీటర్ల అవతల. నిజానికి రేణువులు ఒకదానికొకటి అంటుకుని త్వరగా దిగుతాయి కాబట్టి ఇది గరిష్ఠ లెక్క. కానీ వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే ఒండ్రు పడే చోట, నీటిని వడకట్టి తినే స్పాంజీ మీద ఒక మిల్లీమీటరు పొర పడినా అది కొన్ని వందల ఏళ్ల బాపతు.

“నాలుగేళ్లకు గుర్తు కూడా మిగలదు”

దీన్ని ఊహించనక్కర్లేదు, చేసి చూశారు. 1989లో పెరూ బేసిన్‌లో సుమారు 4,150 మీటర్ల దగ్గర డిస్కాల్ ప్రయోగం పేరుతో 8 మీటర్ల వెడల్పు నాగలిని 78 సార్లు లాగారు. 2015లో జర్మన్ నౌక ‘సోన్’ తిరిగి వెళ్లేసరికి చాళ్లు నిన్న దున్నినట్టే ఉన్నాయి. 26 ఏళ్ల తర్వాత కూడా ఆ చాళ్లలో సూక్ష్మజీవుల పని కొన్నిచోట్ల నాలుగో వంతుకు పడిపోయి ఉంది. నాగలి పైపొరను తిరగేసింది. తిండి, దాన్ని తినే సూక్ష్మజీవులు ఉండేది ఆ పై కొద్ది సెంటీమీటర్లలోనే. గమనించాల్సిన మాట: ఆ నాగలి నాడ్యూళ్లను తీసుకుపోలేదు, బురదలోకి తొక్కింది అంతే. అసలు తవ్వకం అంతకన్నా ఎక్కువ తీస్తుంది.

1978లో క్లారియన్–క్లిప్పర్టన్‌లో ఒక తవ్వకపు యంత్రం నడిచిన చాలును 2004లో పరీక్షిస్తే నెమటోడ్ల సంఖ్య, వైవిధ్యం రెండూ పక్క నేలకన్నా తక్కువ. 2022 పరీక్ష తవ్వకం జరిగిన చాళ్లలో చిన్న జంతువులు 37 శాతం, జాతులు 32 శాతం తగ్గినట్టు తేలింది. అయితే అన్నీ ఒకేలా ఉండవు. కదిలే ప్రాణులు కొన్ని కొన్నేళ్లలోనే తిరిగొస్తాయి. 1979 నాటి మరో చాలులో 44 ఏళ్లకు కొన్ని జంతువులు మళ్లీ స్థిరపడుతున్నాయి. రానిది నాడ్యూల్‌ను పట్టుకుని బతికేదే. ‘కొన్ని జీవాలు తిరిగొచ్చాయి’ అన్న వాక్యాన్ని ‘అంతా మామూలైంది’ అని తిప్పి రాయడమే పోస్టు చేసిన పని.

“95 శాతం తెలియదు కదా”

ఏది తెలియదు? పటం వేరు, చూపు వేరు. నౌకల సోనార్‌తో (శబ్ద తరంగాలతో లోతు కొలిచే పరికరంతో) గీసిన పటం 2025 నాటికి సముద్రపు నేలలో 27.3 శాతానికి చేరింది. అది కూడా సన్నటి చూపేమీ కాదు. ఒక డిగ్రీ సోనార్ కిరణం 4,000 మీటర్ల దగ్గర 70 మీటర్ల మచ్చ వేస్తుంది, ఆ మచ్చలో ఒక ఇల్లు ఉన్నా తెలియదు. కంటితో, అంటే కెమెరాతో, చూసిన లోతు నేల 0.001 శాతం కన్నా తక్కువ. 44,000 డైవ్‌ల లెక్క అది. అందులోనూ 65 శాతానికి పైగా అమెరికా, జపాన్, న్యూజిలాండ్ తీరాలకు 200 నాటికల్ మైళ్ల లోపే.

కాబట్టి చూపు లెక్కలో పోస్టులోని 95 శాతం అంకె నిజానికి తక్కువే. క్లారియన్–క్లిప్పర్టన్‌లో 2023 నాటికి లెక్కకొచ్చిన జంతుజాతులు 5,578. వాటిలో పేరు పెట్టినవి 436. చాలా జాతులు ఒకే ఒక్క నమూనాగా దొరికాయి. అలాంటి జాతి తవ్వకం తర్వాత వేసిన కోర్లలో కనిపించకపోతే, అది అంతరించిందో, లేక కోరర్ దానికి ఒక అడుగు పక్కన దిగిందో, పావు చదరపు మీటరు పెట్టెతో చెప్పడం కుదరదు.